నలభై అయిదు కిలోల కబురు

తూకం 1112, ఆదివారం

గాలి తూర్పు నుంచి. మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉంది. ఇళ్లు అయిదు, మనుషులు ఇరవై ఆరుగురు. అందరం తూకం పలక ఎక్కి దిగాం. రసమట్టంలో బుడగ నడిమి గీత మీదే నిలబడింది.

ఏడో తెప్ప తూకందారుగా నేను ప్రతి ఆదివారం రాయవలసింది ఇంతే. పదకొండేళ్లుగా ఇంతకు మించి ఒక్క ముక్క రాసి ఎరగను. అయితే ఈ పుస్తకం మొదటి పేజీలో "తెప్ప బరువుకు సంబంధించిన సమస్త విషయములు నమోదు చేయవలెను" అని అచ్చువేశారు. నా బరువు నూట ఇరవై నాలుగు కిలోల మూడొందల గ్రాములు. తెప్ప మీద ఇంతకన్నా బరువైనది ఆ ట్యాంకు ఒక్కటే. అంచేత నా సొంత గోడు ఇక్కడ రాసుకోవడానికి నాకు హక్కుందని తీర్మానించుకున్నాను. కాదనేవాళ్లు వచ్చి నా మొహం మీద చెప్పవచ్చు.

గోడు ఇది. నాలుగు నెలల కిందట వైద్య నౌక వచ్చినప్పుడు డాక్టర్ రెహానా నా షుగరూ, మోకాళ్లూ, నిద్రలో ఆగిపోయే ఊపిరీ అన్నీ చూసి, పొట్టకు ఆపరేషన్ చెయ్యాలంది. పొట్టలో ముప్పాతిక వంతు తీసేసి అరటికాయంత మిగులుస్తారట. ఏడాదిలో నలభై అయిదు కిలోలు తగ్గుతానట. నౌక మళ్లీ 1115వ తూకం తర్వాతి గురువారం ఇక్కడ లంగరు వేస్తుంది. అది తప్పితే ఆపరేషన్లకు మళ్లీ ఏడాదికే. "ఏడాది ఆగే ఊపిరి కాదమ్మా మీది" అని ఆవిడ దాచకుండా చెప్పేసింది. నేను పేరు రాయించుకుని వచ్చాను. వచ్చి, ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను.

చెప్పకుండా చేయించుకునే వీలుంటే హాయిగా ఉండేది. పూర్వం నేల మీద బతికినవాళ్లకు ఆ సుఖం ఉండేదట, ఎవరి బరువు వాళ్ల సొంత విషయమట. తెప్ప మీద అది కుదరదు. పది కిలోలకు మించి ఎవరి బరువు మారబోతున్నా ఆ మనిషే గడప గడపకూ వెళ్లి నోటితో చెప్పాలి. అయిదిళ్ల వాళ్లూ 'విన్నాము' అని వేలిముద్ర వెయ్యాలి. ఆ అయిదు ముద్రలూ చూడనిదే నౌక వాళ్లు నిచ్చెన దించరు. ఈ నియమాన్ని కచ్చితంగా అమలు చెయ్యవలసింది తూకందారు. నేను ఇంతవరకూ ఎవరినీ ఉపేక్షించలేదు కూడా.

నా భయమంతా సత్యవేణి గురించి. ఆమె నూట ఇరవై మూడు కిలోల తొమ్మిదొందలు. ఆమె నా సాటి. తెప్ప మీద ప్రతి మనిషికీ ఇంచుమించు అంతే బరువున్న ఒక సాటి ఉండాలి. అన్నం దగ్గరైనా, కునుకు తీసినా నడిమి గీతకు అటొకరూ ఇటొకరూ ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే తెప్ప ఒరుగుతుంది, బిందెలు దొర్లుతాయి. అయిదు కిలోల తేడా వస్తే సాటి మారిపోతారు. పిల్లలు ఎదుగుతారు, ముసలివాళ్లు చిక్కిపోతారు కాబట్టి అందరికీ రెండు మూడేళ్లకోసారి మారుతూనే ఉంటారు. మేమిద్దరం మాత్రం పందొమ్మిదేళ్లుగా మారలేదు. ఒకరు పెరిగితే రెండోవారు ఏనాడూ వెనకబడలేదు.

సోమవారం

ముందు మా ఆయనకు చెప్పాను. గవర్రాజు నాచు తాళ్లు నీళ్లలోంచి లాగి ఆరేస్తున్నాడు. ఆయన చేతిలో పని ఉన్నప్పుడే ఏదైనా చెప్పాలి. ఊరికే కూర్చున్న మనిషికి చెబితే కంగారుపడతాడు.

నొప్పి ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. ప్రాణానికేమైనా అని సగంలో ఆపేశాడు. ఏ ఆపరేషన్‌కైనా కొంత ప్రమాదం ఉంటుందనీ, చేయించుకోకపోతే అంతకన్నా ఎక్కువ ఉందనీ డాక్టరమ్మ చెప్పిన మాటే చెప్పాను. ఆయన ఇంకో నాలుగు తాళ్లు లాగాడు. నేను తట్టలో నాచు సర్దుతూ నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఏమంటాడో తెలియకుండా నిలబడటం ఇదే మొదటిసారి.

"నువ్వు సగమైపోతే పొద్దుటి గాలి నాకే కొడతది కదే. ఇన్నాళ్లూ నీ చాటున పడుకున్నాను" అన్నాడు చివరికి. తర్వాత తాడు కింద పెట్టి, "చేయించుకో. నీతో పాటు నేనూ ఓడ మీదకి వత్తాను" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నాచు చేతులతో కళ్లు తుడుచుకుంటే ఉప్పు మండి ఇంకా ఎక్కువ వచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఒక సలహా కూడా ఇచ్చాడు. వాళ్లమ్మకు ఆఖర్న చెప్పమనీ, మొదట వాళ్లక్కకు చెప్పమనీ. అక్కది మెత్తటి మనసు, తేలిగ్గా తీసుకుంటుంది అన్నాడు. ఈ సలహాకు గాను ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు.

బుధవారం

పదకొండేళ్ల తూకందారుని అయి ఉండి నేను చేసిన పని ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ సమస్త విషయములు అన్నారు కదా.

కబురు చెప్పడానికి వెళ్లేటప్పుడు పళ్లెం పట్టుకెళ్లాలి. బరువు వచ్చే కబురైతే అటుకుల మీద బెల్లం పెడతారు, అంటే కడుపు పండినప్పుడూ, కోడల్ని తెచ్చుకునేటప్పుడూ. బరువు పోయే కబురైతే ఉప్పు పెడతారు, అంటే పిల్లను వేరే తెప్పకు ఇచ్చి పంపేటప్పుడూ, మనిషి పోయినప్పుడూ. మనిషి ఇక్కడే ఉండి బరువు మాత్రమే పోయే కబురు ఈ తెప్ప మీద ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేను పొద్దున గంటసేపు ఆలోచించాను. ఉప్పు పెడితే నేను మొగుడితో తగవుపడి తెప్ప దిగిపోతున్నాననుకుంటారు. అపశకునం కూడా. పోనీలెమ్మని బెల్లం పెట్టాను. వెళ్లాక నోటితో ఎలాగూ చెబుతాను కదా అన్నది నా ధీమా.

రెండో తప్పు, ఆనవాయితీ ప్రకారం మొదటి పళ్లెం సాటికి వెళ్లాలి. నాకు ధైర్యం చాల్లేదు. మా ఆయన మాట పట్టుకుని సుభద్ర వదిన గుమ్మం ఎక్కాను.

వదిన పళ్లెం మీద గుడ్డ తీసింది. బెల్లం చూసింది. నన్ను చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆవిడ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి.

"నలభై నాలుగేళ్లకా రత్నం" అంది.

నేను నోరు తెరిచాను. తెరిచిన నోట్లో నిమ్మకాయంత బెల్లం ముక్క కూరింది. తీపి కబురు తెచ్చినవాళ్ల నోరు ముందు తీపి చెయ్యాలి కదా. నేను అది నమిలి మింగేసరికి ఆవిడ బయటికి వెళ్లి నాలుగిళ్ల వాళ్లనూ పిలిచేసింది.

గురువారం

తెప్పంతా పండగ. మూడో తెప్పలో ఉన్న మా అమ్మాయి నుంచి పొద్దున్నే కబురొచ్చింది. దాని కూతురికి రెండేళ్లు, ఇప్పుడు ఆ పిల్లకు తనకన్నా చిన్న మేనమామో పిన్నో పుడతారా అని అడిగింది. తెప్ప పెద్ద తాతారావు గారు రాబోయే బరువుకు చోటు చెయ్యడానికి ఒక చింతపండు బస్తా పక్క తెప్పకు ఇప్పించేశారు. ఉప్పు తీసే మిషను చూసుకునే ఇస్మాయిల్ భాయ్ నాకోసం రోజూ ఒక చెంబు మంచినీళ్లు ఎక్కువ తీస్తానన్నాడు. మా ఆయన్ని ఎదురైన ప్రతివాడూ వీపు తట్టాడు. సాయంకాలానికి ఆయన వీపు నొప్పితో, అయోమయంతో ఇంటికి వచ్చి, "నేనేం చేశానే" అని నన్ను అడిగాడు. నువ్వేం చెయ్యలేదు, అదే అసలు సంగతి అన్నాను. ఇద్దరం తలుపేసుకుని కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే అవతలి గదిలో మా అత్తగారు అప్పయ్యమ్మ ఉయ్యాల తాళ్లు విప్పదీస్తూ పాట పాడుకుంటున్నారు. ఆవిడ పాడగా విని ఆరేళ్లయింది.

ఆ పాట ఆపే ధైర్యం నాకు లేకపోయింది. రేపు చెబుదాం అనుకున్నాను. నాలుగు నెలలుగా నేను అనుకుంటున్న మాటే అది.

చీకటి పడకముందు సత్యవేణి వచ్చింది. వలలు అల్లే మనిషి కదా, వేళ్ల నిండా దారం గాట్లు. చేతిలో పెద్ద పెరుగు గిన్నె. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సాటిని నేను. ముందు నాకు చెప్పాలా వద్దా? సర్లే, ఈ వయసులో సిగ్గుపడుంటావు" అంది. నేను తల వంచుకున్నాను. "నెలకి ఎంత పెరుగుతావో రాసియ్యవే. దానికి తగ్గట్టు నేనూ తినాలి. నీకంటే లోపల బిడ్డ ఉంటది. నాకేముంటది? నేను తిండితోనే పెరగాలి. ఇయ్యాలే మొదలెట్టాను, ఇది మూడో గిన్నె."

ఆ గిన్నెలో సగం నాకు పెట్టింది. నేను తిన్నాను. సిగ్గుతో తిన్నాను, దొంగతనంగా తిన్నట్టు తిన్నాను. అయినా పెరుగు బాగుంది.

తూకం 1113, ఆదివారం

నా వంతు వచ్చినప్పుడు పలక ఎక్కాను. నూట ఇరవై నాలుగు తొమ్మిదొందలు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దిగలేదు. అక్కడే నిలబడి, నేను కడుపుతో లేనని చెప్పేశాను. ఆపరేషన్ సంగతి, తేదీ, నలభై అయిదు కిలోలు, బెల్లం ముక్క, ఒక్కటీ మిగల్చకుండా చెప్పాను. మాటలు ఆగలేదు. నాలుగు నెలలు దాచిన మాటలు కదా.

తాతారావు గారు మళ్లీ మొదటినుంచి చెప్పమన్నారు. ఆయనకు కొంచెం చెవుడు. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టం.

సత్యవేణి లేచి, పలక ఎక్కకుండానే ఇంటికి వెళ్లిపోయింది. తెప్ప ఒరిగింది. వదిన వాళ్ల బిందె ఒకటి దొర్లి సముద్రంలో పడింది.

నమోదు: సత్యవేణి తూకం ఎక్కలేదు. పందొమ్మిదేళ్లలో ఇది మొదటిసారి.

మంగళవారం

సలహాల వాన. వదిన అన్నం మానేసి జొన్న తినమంది. తాతారావు గారు తెప్ప చుట్టూ రోజుకు నలభై సార్లు నడవమన్నారు. ఆయన నడిచి చూపించారు కూడా, మూడోసారికి కూర్చున్నారు. ఇస్మాయిల్ భాయ్ భార్య మాత్రం వాళ్ల చెల్లెలు ఇదే ఆపరేషన్ చేయించుకుని సుఖంగా ఉందని చెప్పి, ఆపైన మొదటి నెలంతా వాంతులని కూడా చెప్పింది. అందరికీ ఒకే జవాబు చెప్పాను. జొన్న తిన్నాను, నడిచాను, పస్తులున్నాను, ఇరవై ఏళ్లుగా నాలుగేసి కిలోలు తగ్గి అయిదేసి పెరుగుతున్నాను. పదకొండేళ్ల లెక్కలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి, నా దస్తూరీలోనే. కావలసినవాళ్లు తిరగేసి చూడవచ్చు అన్నాను. తాతారావు గారు నిజంగానే తిరగేశారు. గంటసేపు చూసి, కళ్లద్దాలు తీసి, వేలిముద్ర వేశారు. ఆ ముసలాయన మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

మా అత్తగారు రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఈ పూట వంటింట్లో నా వెనక నిలబడి, "నా చేతి అన్నమే నిన్ను ఇలా చేసిందా?" అన్నారు.

ఆ మాట ఆవిడ మనసులో ఉందని నాకు తట్టనే లేదు. మీ చేతి అన్నం ఇంట్లో అందరూ తిన్నారు, మీ అబ్బాయి తాడులాగే ఉన్నాడు, నా ఒంటి తీరు అలాంటిది అన్నాను. ఆవిడ ఆపరేషన్ తర్వాత నేనేం తినాలని అడిగారు. మొదట జావ, తర్వాత మెత్తగా రుబ్బినవి అన్నాను.

"మిక్సీలో రుబ్బితే వేడెక్కి రుచి చచ్చిపోద్ది. రోట్లో రుబ్బాలి" అన్నారు.

అత్తగారు రుబ్బురోలు అడగడం పదేళ్లుగా ఉన్నదే. ముప్పై ఎనిమిది కిలోల రాయి, తెప్ప హద్దు దాటుతుందని ప్రతిసారీ కాదన్నది నేనే. ఆవిడ నా వైపు చూస్తున్నారు. నలభై అయిదులోంచి ముప్పై ఎనిమిది తీసేస్తే ఎంతో ఆవిడకు తెలుసు.

శుక్రవారం

అత్తగారి లెక్క బయటికి పొక్కింది. తెప్ప మొత్తం బరువుకు హద్దు ఉంది. నేను తగ్గితే ఆ మేరకు చోటు ఖాళీ. అంతే, నిన్నటిదాకా ఆపరేషన్ వద్దన్నవాళ్లందరికీ ఒక్కసారిగా వైద్యం మీద నమ్మకం కుదిరింది. వదినకు పాలిచ్చే మేక కావాలి, పాతిక కిలోలు. తాతారావు గారికి హార్మోనియం కావాలి, పదకొండు. పిల్లలు సైకిల్ కావాలన్నారు. అరవై అడుగుల తెప్ప మీద సైకిలెక్కి ఎక్కడికి వెళతారో చెప్పలేదు.

ఇంకా నా ఒంటి మీద ఉండగానే పంచేసుకుంటున్నారేమిటని కోప్పడ్డాను. వదిన నొచ్చుకుని, పోనీ మేకకు నా పేరే పెడతానంది. ఆ మాటకు నేనే ముందు నవ్వాను. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది. ఇన్నాళ్లూ ఈ ఒంటిని గురించి జనం గుసగుసగానే మాట్లాడారు. ఇప్పుడు బల్ల గుద్ది బేరాలాడుతున్నారు. ఇదే బాగుంది.

నాలుగు ముద్రలు వచ్చాయి. అయిదోది లేదు.

తూకం 1114, ఆదివారం

సత్యవేణి తూకం ఎక్కింది. నూట ఇరవై అయిదు. అన్నం దగ్గర నా ఎదురుగానే కూర్చుంది, కూర్చోక తప్పదు. పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

భోజనాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. పళ్లెం పట్టుకెళ్లాను, ఉత్త అటుకులే. ఆమె వల ముందేసుకుని కూర్చుంది. పళ్లెం పక్కకు జరిపింది.

"నాలా ఉండటం నీకంత సిగ్గయిందా?" అంది.

లేదన్నాను. సిగ్గయితే పందొమ్మిదేళ్లు నీ ఎదురుగా కూర్చుని రెండోసారి వడ్డించుకునేదాన్నా అన్నాను. నీకు షుగరు లేదు, నీ మోకాళ్లు గట్టివి, నీ ఒళ్లు నిన్ను మోస్తోంది, నా ఒళ్లు నన్ను మొయ్యడం మానేసింది అన్నాను. ఆమె వింటూనే ముడులు వేస్తోంది. వేసిన ముడిని వేసినట్టే విప్పేస్తోంది.

"మరి నాకెవర్ని వేత్తారు సాటి?" అంది. "నా అంత మనిషి ఈ తెప్ప మీద ఇంకెవరున్నారే? ఇద్దరు పిల్లల్నీ ఒక ముసలాయన్నీ కలిపి నా ఎదురుగా కూచోబెడతారు. లేదంటే నీళ్ల ట్యాంకు. నేను ట్యాంకుతో కబుర్లు చెప్పుకోవాలా?"

నియమం నియమమే, అది రాసే చెయ్యి నాదే. ముద్ర వెయ్యనని చెప్పింది. నేను పళ్లెం తీసుకుని వచ్చేశాను.

శుక్రవారం

నౌక ఇంకా ఆరు రోజుల దూరంలో ఉంది. సాటి ముద్ర లేకుండా పంపే వీలుందేమోనని తాతారావు గారు పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివారు. లేదు. డాక్టర్ రెహానాకు రాలేనని రాయడం మొదలుపెట్టి రెండు వాక్యాల దగ్గర ఆపేశాను. ఎందుకు రాలేనో రాయాలంటే సత్యవేణి మీద నేరం మోపాలి. అది నా వల్ల కాదు.

ఆమె మీద కోపం లేదని రాస్తే అబద్ధం. కోపం ఉంది. ఆమె ట్యాంకుతో కూర్చుని తినడం తలుచుకుంటే మాత్రం కోపం నిలవడం లేదు. కావాలంటే ఏడాది ఆగుతాను అనుకుంటున్నాను. ఆగగలనో లేదో తెలియదు. భయంగా ఉంది.

తూకం 1115, ఆదివారం

అందరి తూకాలూ అయ్యాయి. పుస్తకం మూయబోతుంటే సత్యవేణి నడిమి గీత దగ్గరికి వచ్చి నిలబడింది. బొటనవేలికి అప్పటికే సిరా పూసుకుని ఉంది.

"పెద్దాయనా, ఒక మాటండి" అంది తాతారావు గారితో. ఆయనకు వినపడేలా గట్టిగానే అంది. "మజ్జానం ఇది కునుకు తీసేటప్పుడు నేను పడుకోనండి. మూడేళ్లయింది నేను పడుకుని. దీనికి ఊపిరి ఆగుద్ది. ఆగినప్పుడల్లా లెక్కెడతాను. ఎప్పుడూ పది, పన్నెండు అనేసరికి వచ్చేత్తది. నిన్న ఇరవై రెండు లెక్కెట్టినా రాలేదు. గిల్లాను."

నా మోచేతి పైన కందిపోయి ఉంది. చీమ కుట్టిందనుకున్నాను.

"ముద్రెయ్యకపోతే ఇది నా ఎదురుగా ఉంటదనుకున్నాను" అంది. "ముద్రెయ్యకపోతేనే ఉండదు. ఇదిగో, ఏత్తన్నాను. కానీ నా సాటిని మారిత్తే ఒప్పుకోను. ఇది ఎంత తగ్గితే అంత బరువూ దీని పీట పక్కనే పెట్టండి. నీళ్లో, రోలో, మేకో, మీ ఇష్టం. ఏం తెచ్చుకున్నా అక్కడే ఉండాలి. అదీ, ఇదీ కలిపి నాకు సాటి."

అలా కూడదని ఎక్కడైనా ఉందా అని తాతారావు గారు తూకందారును అడిగారు. ఎదుటి బరువంతా మనిషి ఒంటి మీదే ఉండాలని ఏ పేజీలోనూ లేదు. లేదని తూకందారు తల అడ్డంగా ఊపింది.

సత్యవేణి ముద్ర వేసింది. అంత గట్టిగా వేసింది, వెనక మూడు పేజీల దాకా గుంట పడింది. నేను లేచి ఆమెను పట్టుకుని ఏడ్చాను. రెండువందల యాభై కిలోలు ఒకేచోట చేరేసరికి తెప్ప ఒక్క ఊపు ఊగింది.

గురువారం, వైద్య నౌక

ఇక్కడ మంచం కదలదు. కదలని మంచం మీద పడుకోవడం నాకు చేతకాలేదు. మా ఆయన కింద కుర్చీలో కూర్చుని, తన కడుపే కోస్తున్నట్టు మొహం పెట్టుకుని ఉన్నాడు. డాక్టర్ రెహానా వచ్చి ఇంట్లో అందరికీ చెప్పారా అని అడిగింది. రెండుసార్లు చెప్పానన్నాను.

శనివారం

అయిపోయింది. నొప్పి ఉంది. దగ్గితే ప్రాణం పోతోంది. చెంచాతో నీళ్లు తాగుతున్నాను. నిన్న కళ్లు తెరవగానే మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏం కాలేదే, ఇంకా అంతే ఉన్నావు" అన్నాడు, ఓదార్పుగా. నవ్వితే కుట్లు నొప్పి పెట్టాయి. అయినా నవ్వాను.

తూకం 1121, ఆదివారం

గాలి దక్షిణం నుంచి. మనుషులు ఇరవై ఆరుగురు. నూకరత్నం, అంటే నేను, నూట పది కిలోల తొమ్మిదొందలు. పక్కన తాతారావు గారి హార్మోనియం పదకొండు, క్యానులో నీళ్లు మూడు. వెరసి సత్యవేణికి సాటి. బుడగ నడిమి గీత మీద.

హార్మోనియం తేలిక కాబట్టి ముందు అదే వచ్చింది. మా అత్తగారు ఆయనతో మాట్లాడటం మానేశారు. నలభై అయిదులోంచి పదకొండు పోతే రోలుకు నాలుగు కిలోలు చాలవు. "ఆ నాలుగూ కూడా తగ్గవే" అని నన్ను రోజూ బతిమాలుతున్నారు. ఒకప్పుడు ఇంకో ముద్ద తినమని ఇలాగే బతిమాలేవారు. అంతవరకూ మిక్సీలోనే రుబ్బి, వేడి చల్లారేదాకా విసనకర్రతో విసిరి పెడుతున్నారు. బాగుంటోంది. అన్నం మీద ఆశ అప్పుడప్పుడు పుడుతుంది, ఒకరోజు అందుకు ఏడ్చాను కూడా. నిన్న మాత్రం దీపం స్తంభం ఎక్కాను. తొమ్మిది మెట్లూ ఆగకుండా ఎక్కి, పైన నిలబడి, అక్కర్లేకపోయినా దీపం మూడుసార్లు తుడిచాను.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది కూడా రాస్తాను. నా తిండి ఇప్పుడు నాలుగు చెంచాలు. ఒక్కొక్కటీ మెల్లగా నమిలి, ఆగి, మళ్లీ నమిలి తినాలి. నాలుగు చెంచాలకు అరగంట పడుతుంది. సత్యవేణి పళ్లెం నిండా తిన్నా పది నిమిషాల్లో అయిపోతుంది. అందరూ తిని లేచారు. వదిన ఎంగిళ్లు తుడిచేసింది. సత్యవేణి ఖాళీ పళ్లెం ముందు పెట్టుకుని, చెయ్యి కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చుని ఉంది. మూడో చెంచా దగ్గర నేను, "లేవవే, హార్మోనియం ఉందిగా, తెప్ప ఒరగదు" అన్నాను. వాళ్ల గుమ్మం ముందు చిరిగిన వలలు నడుమెత్తు పోసి ఉన్నాయి, రేపటికల్లా ఇవ్వాలి.

"తినవే, నాకేం పని లేదు" అంది.

నాకు ఎంత సంతోషం వేసిందో రాయడం చేతకాదు. నాలుగో చెంచా తినడానికి కావాలనే ఇంకో పది నిమిషాలు తీసుకున్నాను.